గ్రాఫిక్స్ పెట్టె గాలికి వడియాలు

మా అత్తగారు శ్యామలాదేవి నాతో మాట్లాడేవారు కాదు. కోపం వల్ల కాదు, పద్ధతి వల్ల. కాకినాడలో వాళ్లింట్లో అత్తలు అల్లుళ్లతో నేరుగా మాట్లాడరట. ఆవిడ అమ్మ మాట్లాడలేదు, అమ్మమ్మ మాట్లాడలేదు, కాబట్టి ఈవిడా మాట్లాడరు. నాకు ఏదైనా చెప్పాల్సివస్తే మా ఆవిడ సంజనకు చెప్పేవారు. సంజన ఇంట్లో లేకపోతే ఫ్రిజ్‌కు చెప్పేవారు. "కూర మీద మూత పెట్టి ఉంది. ఆకలేసినవాళ్లు వడ్డించుకోవచ్చు" అని ఆవిడ ఫ్రిజ్ తలుపుతో అంటే, పక్క గదిలో ఆకలేసినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి లేచి వెళ్లి వడ్డించుకునేవాణ్ని. వరంగల్‌లో మా అమ్మయితే అల్లుడు కనబడితే చాలు, చెవి పట్టుకుని మరీ తిట్టి తినిపిస్తుంది. ఈ మర్యాదలు నాకు కొత్త.

ఆవిడ దుబాయ్ వచ్చింది నన్ను చూడ్డానికి కాదు. 2018 మార్చిలో మూడు నెలల విజిట్ వీసా మీద, సూట్‌కేసు నిండా ఆవకాయతో, ఒకే ఒక్క పని మీద వచ్చారు. సంజనకు అప్పుడే ఆరో నెల పడింది. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి కాబట్టి ఏడో నెలలో కూతుర్ని కాకినాడ తీసుకుపోవాలి. మే ఐదో తేదీకి తిరుగు టికెట్లు రెండు. ఒకటి ఆవిడది, ఒకటి సంజనది. నా పేరు మీద ఏ టికెట్టూ లేదు. ఆ సంగతి ఎవరూ గమనించినట్టు కూడా లేదు.

నాకేమో బిడ్డ పుట్టే రోజు పురిటి గది బయట నిలబడి ఉండాలని. అంతకు మించి పెద్ద కోరికలేం లేవు. ఫోన్లో ఫొటో చూసి, ఆఫీసులో లడ్డూలు పంచి, నాలుగు నెలల తర్వాత విమానాశ్రయంలో "వీడేనా నా కొడుకు?" అని అడిగే తండ్రులను ఈ ఊళ్లో చాలామందిని చూశాను. వాళ్ల పక్కన నిలబడటం నాకిష్టం లేదు. సంజనకూ వెళ్లడం ఇష్టం లేదు. చివరికి కాకినాడ నుంచి మామగారు వేణుగోపాలరావు ఫోన్లో తీర్పు చెప్పారు. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, ప్రతిదానికీ కాగితం కావాలి. "ఉద్యోగం పర్మనెంటైన కాగితం, ఆస్పత్రి ఇన్సూరెన్సు కాగితం టికెట్ తారీఖు లోపల చూపిస్తే పురుడు అక్కడే పోసుకోండి. లేదంటే అమ్మాయి వచ్చేస్తుంది."

ఆ ఉద్యోగంలో నాది మూడు నెలల ట్రయల్. అది ఏప్రిల్ ఆఖరుకు ముగుస్తుంది.

నా పనేమిటంటే, లేని భవనాలను ఉన్నట్టు చూపించడం. ఇంకా పునాది కూడా తీయని విల్లా ముందు ఈతకొలను, కొలను పక్కన ఖర్జూర చెట్లు, చెట్ల కింద చెమట పట్టని మనుషులు. వీటిని కంప్యూటర్లో తయారుచేసి సినిమాలా తిప్పి చూపిస్తే, డబ్బున్నవాళ్లు చూసి తల ఊపుతారు. ఖిసైస్‌లో ఉన్న మా ఆఫీసులో కంప్యూటర్లు టైపింగుకు తప్ప దేనికీ పనికిరావు. మా ముదీర్‌కు, అంటే మేనేజరుకు, ఆ సంగతి చెబితే, "నీకు ల్యాప్‌టాప్ ఉంది కదా, ఇంటి దగ్గర చేసుకో, యల్లా, కానివ్వు" అన్నాడు. నా ల్యాప్‌టాప్ అప్పడంలా పల్చగా ఉంటుంది. అది ఈ బరువు మోయలేదు.

అందుకే పెట్టె. ల్యాప్‌టాప్‌లో పట్టనంత పెద్ద గ్రాఫిక్స్ కార్డును బయట ఒక ఇనుప పెట్టెలో కూర్చోబెట్టి, ఒక్క కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు తగిలిస్తారు. దేశం వదిలిపోతున్న ఒక ఫిలిప్పీనో దగ్గర కొన్నాను. రెండు చెప్పుల డబ్బాలు కలిపినంత ఉంటుంది. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఆ కేబుల్ గుచ్చుతాను. తెర ఒక్క క్షణం నల్లబడుతుంది, నా ప్రాణం పోతుంది. మళ్లీ వెలుగుతుంది, ప్రాణం వస్తుంది. పొద్దున్న ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఊరికే లాగేస్తే కుదరదు. 'ఇక సెలవు తీసుకుంటాను' అని ముందు తెర మీద నొక్కి, అది సరేనన్నాకే లాగాలి. చెప్పకుండా లాగితే ల్యాప్‌టాప్ అలుగుతుంది, ఒక్కోసారి మొత్తం ఆరిపోతుంది. ఆ లెక్కన మా ఇంట్లో మర్యాదలు కోరేవాళ్లు ఇద్దరు. ఒకరితో మాట్లాడకూడదు, ఇంకొకరితో మాట్లాడకుండా కదలకూడదు.

నైఫ్ పేటలో సూట్‌కేసుల దుకాణం మీద మూడో అంతస్తు మాది. ఒక పడగ్గది, ఒక హాలు. హాల్లో కిటికీ పక్కన బల్ల మీద పెట్టె. పని మొదలైతే అది గట్టిగా మూలుగుతూ పక్క జాలీలోంచి వేడి గాలి వదులుతుంది. అత్తగారికి మొదటి రోజు నుంచే అది నచ్చలేదు. "సాయంత్రమైతే ఆ మూలిగే పెట్టె ముందు కూర్చునే మనిషి, రేపు పిల్లనెత్తుకుంటాడా అంట?" అని ఫ్రిజ్‌ను అడిగారు. ఫ్రిజ్ నన్ను వెనకేసుకు రాలేదు.

ఇంతలో సంజనకు సగ్గుబియ్యం వడియాల మీద మనసు పోయింది. దుకాణంలో కొన్నవి నోట్లో పెట్టి ఊసేసింది. అత్తగారు బాల్కనీ తలుపు తీసి, బయటి ఎండ చూసి మురిసిపోయారు. కాకినాడలో మబ్బులను తిట్టుకుంటూ రెండు రోజులు ఎండబెట్టేది ఇక్కడ ఒక పూట పని. జావ కాచి, జీలకర్ర, పచ్చిమిర్చి, ఇంగువ వేసి, పాత నూలు చీర పరిచి చక్కగా వడియాలు పెట్టారు. గంట తిరక్కుండానే మా బిల్డింగ్ నాతూర్ హబీబుల్లా పైకొచ్చి తలుపు కొట్టాడు. ఈ ఊళ్లో వాచ్‌మన్‌ను నాతూర్ అంటారు.

"మాజీ, బాల్కనీ మే కుఛ్ నహీ సుఖానా. బల్దియా వాలా దేఖేగా తో ముఖాలఫా!"

బాల్కనీలో ఏమీ ఆరబెట్టొద్దని, మునిసిపాలిటీవాళ్లు చూస్తే జరిమానా వేస్తారని దాని అర్థం. అత్తగారికి హిందీ రాదు, హబీబుల్లాకు తెలుగు రాదు. అయినా ఆవిడ అతనితో నేరుగానే మాట్లాడారు. ఆ పద్ధతి అల్లుళ్లకు మాత్రమే.

"ఇంత ఎండ పెట్టుకుని వడియం ఎండబెట్టుకోకూడదా? ఎండ కూడా వాళ్లదేనా? ఏం చేసుకుంటార్రా ఇంత ఎండ?"

హబీబుల్లా చేతులు జోడించాడు. చీర లోపలికొచ్చింది. సీలింగ్ ఫ్యాన్ కింద పెడితే ఏసీ చల్లదనానికి రెండో రోజుకు బూజు పట్టింది. అత్తగారు ఆ చీర దులుపుతూ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. వడియాల కోసం ఏడ్చే మనిషిని చూసి నవ్వుకున్నాను కూడా, నిజం చెప్పాలిగా.

మర్నాడు ఆఫీసు పని ఒకటి నడుస్తుండగా స్నానానికి వెళ్లొచ్చేసరికి, పెట్టె పక్కన స్టీలు పళ్లెం, పళ్లెంలో వరసగా వడియాలు.

"సంజనా! గిదేంది? గిది గ్రాఫిక్స్ కార్డు! పొయ్యి అనుకున్నరా?" అని అరిచాను.

అత్తగారు వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి గోడ వైపు తిరిగారు. "గాలి ఊరికే పోతోంది కదా అని పెట్టానమ్మా. బొమ్మలకేం అడ్డం రాదని చెప్పు."

"బొమ్మలకేం అడ్డం రాదంట" అంది సంజన, సోఫాలో పొట్ట మీద చెయ్యేసుకుని నవ్వాపుకుంటూ.

"విన్న. గోడకు చెవులుంటయి, నాకుండయా? ఒక్క నీళ్ల చుక్క లోపట పడ్డదంటే అంతా ఖలాస్ అని చెప్పు."

"నీళ్లెందుకు పడతాయి? జానెడు దూరంలో పెట్టాను. చేత్తో కొలిచానని చెప్పు."

నిజంగానే జానెడు దూరంలో పెట్టారు. గాలి బయటికొచ్చే వైపే పెట్టారు, లోపలికి పీల్చే వైపు కాదు. వదిలేశాను. రెండు రోజుల్లో వడియాలు గలగలమంటూ ఎండాయి. వేయిస్తే పువ్వుల్లా విచ్చుకున్నాయి. సంజన పప్పన్నంలో పదహారు తిన్నది. ఆ తర్వాత చల్లమిరపకాయలు పెట్టిన రోజు మా ముగ్గురికీ ఆగకుండా తుమ్ములు. నా గ్రాఫిక్స్ కార్డుకు ఇంగువ వాసన పట్టేసింది. ప్రపంచంలో అలాంటి కార్డు ఇంకొకటి ఉండదు.

అత్తగారికి పెట్టె మర్మం నాకంటే బాగా తెలిసిపోయింది. చెయ్యి వెనక్కి తిప్పి జాలీ దగ్గర పెట్టి చూసేవారు. "ఇవాళ గాలి మందంగా ఉంది, సోఫాలూ కుర్చీలూ గీస్తున్నట్టున్నారు." "ఇవాళ బాగా వస్తోంది, నీళ్లూ చెట్లూ ఉన్నాయేమో." నిజంగా అంతే. నీళ్లున్న బొమ్మకు కార్డు కష్టపడి కాగుతుంది. నేను తెర మీద అంకెలు చూసి తెలుసుకునేది ఆవిడ చేతి మీద తెలుసుకునేవారు.

ఏప్రిల్ ఆఖరి వారం అసలు పరీక్ష వచ్చింది. అల్ ఐన్‌లో ఖర్జూర తోటల మధ్య కట్టబోయే రిసార్టు. వంద సెకన్ల సినిమా. ఆదివారం పొద్దున్న ఆరింటికి ముదీర్ దాన్ని పట్టుకుని అల్ ఐన్ బయల్దేరాలి. "సినిమా నా చేతికొస్తే నీ పర్మనెంట్ కాగితం మీద సంతకం. రాకపోతే ఖలాస్" అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, పొదుపుగా మాట్లాడతాడంతే.

సినిమా అంటే రెండువేల నాలుగొందల బొమ్మలు. పెట్టె ఒక్కో బొమ్మను నిమిషంలో తీస్తుంది. మొత్తం నలభై గంటలు. శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటికి మొదలుపెడితే శనివారం అర్ధరాత్రికి అయిపోతుంది. పెట్టె లేకుండా ల్యాప్‌టాప్ తనంతట తాను చేస్తే ఒక్కో బొమ్మకు పావుగంట. అంటే ఇరవై అయిదు రోజులు. అప్పటికి సంజన కాకినాడలో ఉంటుంది.

ఆ సాఫ్ట్‌వేర్‌కు ఒక పాడు మంచితనం ఉంది. ప్రతి బొమ్మకు ముందు కార్డు ఉందా అని చూసుకుంటుంది. ఉంటే కార్డుతో చేస్తుంది. లేకపోతే ఆగదు, అరవదు, ఎవరికీ చెప్పదు. ల్యాప్‌టాప్‌తోనే నెమ్మదిగా చేసుకుంటూ పోతుంది. ఆ సంగతి నాకు తెలుసు. ఫోన్లోంచి చూసుకునే ఏర్పాటు ఒకటి పెట్టుకోవాలనే తెలివి మాత్రం తర్వాత వచ్చింది.

శనివారం పదింటికి చూస్తే పదిహేను వందల అరవై బొమ్మలు అయిపోయాయి. లెక్క ప్రకారం నడుస్తోంది. సంజనకు ఆ రోజు ఆస్పత్రిలో స్కానింగు. అది అయ్యాక బర్ దుబాయ్‌లో గుడికి వెళ్లి, బయటే భోంచేసి, సాయంత్రం ఆరింటికి తిరిగిరావాలని అనుకున్నాం. బయల్దేరేటప్పుడు అత్తగారు గంజి పెట్టిన చీర కట్టుకుని, బల్ల మీదా కిందా తడిగుడ్డతో తుడుస్తున్నారు. శనివారం వాళ్లింట్లో వెంకటేశ్వరస్వామికి పూజ. మూల మూలా శుభ్రంగా ఉండాలి.

ఆస్పత్రిలో సంజనను లోపలికి పిలిచారు. మగవాళ్లను బయటే కూర్చోమన్నారు. పన్నెండు కావస్తుండగా నా ఫోన్ మోగింది. తెర మీద 'అత్తమ్మ' అని ఉంది. ఆ నంబరు నేనే కొనిచ్చాను, నేనే పేరు పెట్టుకున్నాను. ఆరు వారాల్లో ఒక్కసారి కూడా మోగలేదు.

"హలో... అత్తమ్మా?"

అటు నుంచి ఊపిరి వినిపిస్తోంది గాని మాట లేదు.

"అత్తమ్మా, ఏమైంది? మంచిగనే ఉన్నవా?"

"అమ్మాయికి ఇవ్వాలి ఫోను" అన్నారు ఎవరితోనో అన్నట్టు.

"సంజన లోపట ఉన్నది. స్కానింగు నడుస్తుంది. ఇంక అర్ధ గంట పడతది."

ఆవిడ పక్కన ఫ్రిజ్ ఉంది. కానీ ఈ మాట ఫ్రిజ్‌కు చెప్పి లాభం లేదని ఆవిడకు తెలుసు. వాళ్ల అమ్మా అమ్మమ్మా వచ్చి ఎదురుగా నిలబడ్డారేమో, ఈవిడ గొంతు సవరించుకున్నారు.

"అల్లుడుగారూ. పెట్టెలోంచి గాలి రావట్లేదండి."

"రావట్లేదా? ఎప్పటిసంది?"

"మీరెళ్లాక పూజ చేసుకుని ఇప్పుడే వచ్చి చూశానండి. వడియాలు ఎలా పెట్టినవి అలాగే ఉన్నాయి, పచ్చిగా. చెయ్యి పెట్టి చూస్తే చల్లగా ఉంది. మూలుగు కూడా లేదు. ఆ చిన్నది మాత్రం కాలిపోతోంది, ముట్టుకోలేకపోయాను."

చిన్నది అంటే ల్యాప్‌టాప్. అదృష్టం, అది అలిగి ఆరిపోలేదు. పెట్టె ఊరుకుంది, ల్యాప్‌టాప్ ఒక్కటే మోస్తోంది. రెండు గంటలుగా ఎనిమిది బొమ్మలు అయి ఉంటాయేమో.

"రెండింటి నడుమ నల్ల కేబుల్ ఉంటది అత్తమ్మా. అది సక్కగ ఉన్నదా చూడు."

"ఇటు వైపు సగం ఊడొచ్చింది." అడక్కుండానే చెప్పారు. "పొద్దున్న బల్ల తుడుస్తూ పెట్టెను నేనే జరిపానండి. నాలుగు వేళ్లు. నేనే."

కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ 'నేనే' విన్నాక నోట్లోంచి బయటికి రాలేదు.

"ఏం గాదు. పట్టుకొని లోపటికి ఒత్తు. గట్టిగ."

"ఒత్తాను... అయ్యో అయ్యో! తెర నల్లబడిపోయిందండీ!"

"భయపడకు, గది గట్లనే చేస్తది. నాక్కూడ రోజూ ప్రాణం పోయి వస్తది. ఆగు."

"ఆ, వచ్చింది. వచ్చింది. బొమ్మ కనబడుతోంది. కానీ గాలి రాలేదండి."

చేతిలో ఉన్న బొమ్మ పూర్తయ్యాక గాని సాఫ్ట్‌వేర్ కార్డు కోసం వెతకదు. పావుగంట వరకు పట్టొచ్చు. "జాలీ కాడ చెయ్యి పెట్టి ఉంచు అత్తమ్మా. గాలి రాంగనె చెప్పు. నేను లైన్ల ఉంట."

అలా ఆవిడ నైఫ్‌లో పెట్టె ముందు, నేను ఆస్పత్రి తలుపు ముందు. ఇద్దరికీ మాట్లాడే అలవాటు లేదు, ఫోను పెట్టేసే వీలూ లేదు. ఆస్పత్రిలో ఏసీ హోరు, ఫోన్లో మా ఇంటి కుక్కర్ ఈల. నాలుగు నిమిషాలైంది.

"మీరెక్కడున్నారు?" అన్నారు ఉన్నట్టుండి.

"తలుపు కాడనే. ఇంకెక్కడ?"

"అమ్మాయి పుట్టినప్పుడు మా ఆయన బ్యాంకు ఇన్‌స్పెక్షన్‌లో ఉన్నారు. మూడో రోజు వచ్చారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆయనేనేమో అని చూసేదాన్ని." మళ్లీ తనే, "పక్కన మా అమ్మ ఉందనుకోండి. అమ్మ అమ్మే. కానీ తలుపు వంక చూడకుండా ఉండలేం కదా" అన్నారు.

నేను ఏదో ఒకటి చెబుదామని నోరు తెరిచేలోగా ఆవిడ అరిచారు.

"వచ్చిందండీ! గాలి వచ్చింది! వేడెక్కుతోంది! ఆఁ, మూలుగుతోంది, వింటున్నారా?"

ఫోను పెట్టె దగ్గర పెట్టినట్టున్నారు. ఆ పాడు మూలుగు అంత బాగా ఎప్పుడూ వినిపించలేదు. పక్కన కూర్చున్న పాకిస్తానీ ఆయన నా మొహం చూసి, "లడ్కా? లడ్కీ?" అని అడిగి ఇంత స్వీటు చేతిలో పెట్టాడు. వడియాలని ఎలా చెప్పను? తినేశాను.

సినిమా అర్ధరాత్రికి కాకుండా రెండింటికి పూర్తయింది. ఆరింటికి ముదీర్ చేతిలో ఉంది. సాయంత్రం అల్ ఐన్ నుంచి ఫోన్ చేసి, "మబ్రూక్, కంగ్రాట్స్, రేపు వచ్చి సంతకాలు చేసుకో" అన్నాడు. బుధవారానికల్లా మామగారికి రెండు కాగితాలూ స్కాన్ చేసి పంపాను. ఆయన ఒకటికి రెండుసార్లు చదివి, సంజన టికెట్ రద్దు చేయించమన్నారు. ఒక్క టికెట్ మిగిలింది.

మే నాలుగు. అత్తగారు సూట్‌కేసు సర్దుకుంటున్నారు. ఫోన్లో మాట్లాడిన రోజు తర్వాత ఆవిడ మళ్లీ నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆ రోజు అత్యవసరం, ఇప్పుడు మామూలు. సంజన నిద్రపోతోంది. ఆవిడ వంటింట్లో డబ్బాలకు వడియాలు ఎత్తుతుంటే నేను గుమ్మంలో నిలబడ్డాను.

"అత్తమ్మా, ఒక్క మాట. ఆ రోజు నువ్వు ఫోన్ చేయకుండ ఊకుంటే అయిపోతుండె. సినిమా కాకపోతుండె, సంజన రేపు నీతోని వస్తుండె. గది నీకు తెల్వదా?"

ఆవిడ నా వైపు తిరగలేదు. ఫ్రిజ్ తలుపు తీసి, లోపల ఏదో సర్దారు.

"తెలియకపోవడమేం? లెక్కలన్నీ చెబుతూనే ఉన్నారుగా ఇంట్లో" అన్నారు ఫ్రిజ్‌తో. "కానీ అంత జావ కాచి పెట్టిన వడియాలు. కళ్లముందు బూజు పట్టిపోతుంటే ఎవరైనా చూస్తూ ఊరుకుంటారా?"

సర్దడం అయినా ఫ్రిజ్ తలుపు వేయలేదు.

నాకు ఈ ఇంటి పద్ధతి అప్పటికి వంటబట్టింది. వెళ్లి ఫ్రిజ్‌కు ఇవతలి పక్కన నిలబడ్డాను. తెరిచిన తలుపుకు అటు ఆవిడ, ఇటు నేను.

"వీసా పొడిగించుడు పెద్ద పనేం కాదు" అన్నాను ఫ్రిజ్‌తోనే. "తలుపు బయట నేనుంట సరే. లోపట సంజన పక్కన ఎవరుంటరు? అమ్మ అమ్మే అంటరు. అత్తమ్మ ఉంటే మాకు మంచిగుంటది. అడుగుదామంటే నాతోని మాట్లాడది. నువ్వే చెప్పాలె."

ఫ్రిజ్ తలుపు తెరిచి ఉందని కీచుమంటూ మొత్తుకుంది, అంతే. తర్వాత అటు పక్క నుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"అయితే ఇంకో రెండు కిలోల సగ్గుబియ్యం తెచ్చిపెట్టమను" అంది ఫ్రిజ్. "ఈ వారం నీళ్లూ చెట్లూ ఉన్న బొమ్మలే గీయమని కూడా చెప్పు."